ఒత్తిడి గురించి ఒక గుమాస్తా నాలుగు మాటలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. కార్యదర్శి గారి కోరికపై ప్రత్యేక సంచిక కోసం రాసి ఇచ్చినది.)



"మానసిక ఒత్తిడి, ఆరోగ్యం" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "అయ్యా, దానికి డాక్టరును పిలవండి, నేను ముప్పై ఆరేళ్లు ఫైళ్లు కుట్టినవాడిని" అన్నాను. "డాక్టరు గారిని పోయినేడు పిలిచాం కదా. ఉప్పు తగ్గించండి, నడవండి, ఎక్కువగా ఆలోచించకండి అని చెప్పి వెళ్లారు. ఆలోచించకుండా ఉండడం ఎలాగో చెప్పలేదు" అన్నారాయన. అదీ నిజమే. నాకున్న అర్హతల్లా ఒక్కటే. మా ఆవిడ పోయిన తర్వాత రాత్రిళ్లు నిద్ర పట్టక, మనవడి చేత పుస్తకాలు, వ్యాసాలు తెప్పించుకుని ఈ విషయం మీద చదివాను. చదివినవన్నీ అలవాటు ప్రకారం ఒక ఫైలు కట్టి నోటు రాసుకున్నాను. ఈ రోజు ఆ ఫైలే మీ ముందు పుటప్ చేస్తున్నాను. తప్పులుంటే డాక్టర్లయిన సభ్యులు దిద్దవలసిందిగా మనవి.

స్ట్రెస్ అన్న మాటను వైద్యంలో ప్రచారంలోకి తెచ్చినవాడు హాన్స్ సెల్యే. 1907లో వియన్నాలో పుట్టాడు, ప్రాగ్‌లో వైద్యం చదివాడు, తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో స్థిరపడ్డాడు. విద్యార్థిగా ఉండగా ప్రొఫెసరు గారు ఒక్కొక్క రోగినీ చూపించి ఇది ఫలానా జబ్బు, దీని ప్రత్యేక లక్షణాలు ఇవి అని చెబుతుంటే, ఈ కుర్రవాడికి వేరే సంగతి తోచిందట. జబ్బులు వేరైనా అందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయే, ఆకలి లేదు, నీరసం, ఒళ్లు నొప్పులు, అందరూ "జబ్బు మనుషుల్లా" ఉన్నారే అని. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత ఎలుకల మీద ప్రయోగాలు చేస్తూ, ఒక కొత్త హార్మోను కనిపెట్టాననుకున్నాడు. తీరా చూస్తే ఏ మందు గుచ్చినా, చలిలో పెట్టినా, గాయం చేసినా ఎలుకల లోపల అవే మూడు మార్పులు వచ్చాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, పొట్టలో పుళ్లు పడ్డాయి. హార్మోను ఆశ పోయింది గాని అంతకన్నా పెద్ద సంగతి దొరికింది. 1936లో నేచర్ పత్రికలో ఒక్క పేజీ ఉత్తరంగా అచ్చు వేయించాడు. మొదట ఉలికిపాటు, తర్వాత ఎదురు నిలవడం, అది చాలాకాలం సాగితే అలసి కూలడం అని మూడు దశలు చెప్పాడు.

ఉలికిపాటు మనకు శత్రువు కాదు. సందులో ఆబోతు ఎదురైందనుకోండి. అడ్రినలిన్ పనిచేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వచ్చి పడుతుంది, అరుగుదల ఆగిపోతుంది. అప్పుడు కావలసింది కాళ్లకు బలం గాని ఇడ్లీ అరగడం కాదు కదా. గోడ దూకేస్తాం. పది నిముషాల్లో ఒళ్లు మామూలైపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, మన ఒంటికి ఆబోతుకూ చార్జి మెమోకూ తేడా తెలియదు. ఆబోతు సందు దాటి పోతుంది. చార్జి మెమో మాత్రం ఎంక్వైరీ ఆఫీసరు, సంజాయిషీ, పర్సనల్ హియరింగు అంటూ నాలుగేళ్లు మన వెంటే నడుస్తుంది. కార్టిసాల్ అనే హార్మోను ఆ నాలుగేళ్లూ డ్యూటీలోనే ఉంటుంది. రక్తపోటు, నిద్ర, చక్కెర, రోగనిరోధక శక్తి, వీటన్నిటి మీదా దాని చెయ్యి పడుతుంది.

1967లో అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు, జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేసి ఒక జాబితా తయారు చేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100. విడాకులకు 73. పదవీ విరమణకు 45. మన మిత్రులు కొందరు సంతోషిస్తారని చెబుతున్నాను, పెళ్లికి 50. అంటే రిటైర్మెంటు కన్నా పెళ్లి ఐదు మార్కులు ఎక్కువ. (ఇక్కడ సభలో నవ్వులు వినిపించాయి. ఆడవారి వైపు నుంచే ఎక్కువ అని కార్యదర్శి గారు రాసుకున్నారు.) పిల్లలు ఇల్లు విడిచి వెళ్లడానికి 29, ఇల్లు మారడానికి 20. ఒక సంవత్సరంలో ఇవన్నీ కూడితే మొత్తం ఎంత ఎక్కువైతే జబ్బు పడే అవకాశం అంత ఎక్కువ అని వారి వాదన.

ఈ జాబితా చూడగానే నా గుమాస్తా బుద్ధి ఒప్పుకోలేదు. రిటైర్మెంటు అందరికీ 45 మార్కులేనా? 1983 ఫిబ్రవరి మీలో కొందరికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించారు. ఆ నెల 28వ తేదీన వేలాదిమంది ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లారు. నేనప్పుడు చిన్న గుమాస్తాను. మా సెక్షను సూపరింటెండెంటు గారికి 56 నిండాయి. రెండో అమ్మాయి పెళ్లి ఇంకో ఏడాదిన్నరకు అనుకుని, గ్రాట్యుటీ లెక్క వేసుకుంటున్న మనిషి. నెల తిరగకుండానే బీరువా తాళంచెవులు నా చేతిలో పెట్టి, "పర్సనల్ రిజిస్టరు అంతా అప్‌టుడేట్‌గా ఉంది, చూసుకో నాయనా" అని వెళ్లిపోయారు. వీడ్కోలు సభ పెట్టడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. ఒకరికి పెడితే అరడజను మందికి పెట్టాలి. 1984 ఆగస్టులో వయసు మళ్లీ 58 చేశారు. ఆ మధ్య వెళ్లినవారి సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. కానీ ఆ పద్దెనిమిది నెలలూ ఆయన ప్రతిరోజూ పదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో కూర్చునేవారు. నేనూ అదే ఉద్యోగం నుంచి 2007లో రిటైరయ్యాను. తేదీ ముప్పై ఆరేళ్ల ముందే తెలుసు. ఏడాది ముందే పెన్షను కాగితాలు నింపుకున్నాను. ఇద్దరికీ 45 మార్కులే అంటే ఎలా?

ఈ అనుమానానికి జవాబు కూడా ఎలుకల దగ్గరే దొరికింది. జే వీస్ అనే ఆయన రెండు ఎలుకలకు ఒకే తీగ మీద ఒకే మోతాదు షాకు ఇచ్చాడు. ఒకదానికి ముందు హెచ్చరిక వినిపిస్తుంది, రెండోదానికి వినిపించదు. షాకులు సమానమే, అయినా హెచ్చరిక లేనిదాని పొట్టలో పుళ్లు చాలా ఎక్కువ. దెబ్బ ఎంత అనేది ఒకటి, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం ఇంకొకటి. డి.ఆర్. బకాయిల కోసం ఎదురు చూసినవారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఇక నా ఫైలులో అన్నిటికన్నా లావు కాగితాల కట్ట వైట్‌హాల్ అధ్యయనాలది. వైట్‌హాల్ అంటే లండనులో మన సెక్రటేరియట్ లాంటిది, బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయాలున్న వీధి. మనకు నోటు ఫైలు, కరెంటు ఫైలు, డ్రాఫ్టు, ఫెయిర్ కాపీ అన్నీ నేర్పి వెళ్లింది ఆ జాతివారే కాబట్టి ఇది మన పుట్టింటి కథ లాంటిదే. 1967లో అక్కడి సివిల్ సర్వీసులో పనిచేసే సుమారు 18,000 మంది మగ ఉద్యోగులకు వైద్య పరీక్షలు చేసి, తర్వాత ఎవరెవరు ఏ జబ్బుతో ఎప్పుడు పోయారో చూస్తూ వచ్చారు. దీని ఫలితాలతో ప్రసిద్ధికెక్కినవారు మైకేల్ మార్మట్ అనే డాక్టరు.

అప్పటిదాకా అందరి నమ్మకం, గుండెపోటు పెద్ద ఆఫీసర్ల జబ్బు అని. బాధ్యతలు, సమావేశాలు, మంత్రుల ఫోనులు, పాపం వారికే టెన్షను అని. లెక్క తేలేసరికి అది తలకిందులైంది. అట్టడుగున ఉన్న బంట్రోతులు, ద్వారపాలకుల్లో గుండెజబ్బు మరణాలు పై మెట్టు ఆఫీసర్ల కన్నా మూడు రెట్లకు పైగా ఉన్నాయి. గుమాస్తాలు మధ్యలో ఉన్నారు. నేను రెండుసార్లు చదివిన వాక్యం తర్వాత వస్తుంది. ఇది పైవాడికీ కిందివాడికీ మాత్రమే ఉన్న తేడా కాదట. మెట్టు మెట్టుకూ ఉందట. అందరికన్నా పైన ఉన్నవారితో పోలిస్తే వారి కిందనే ఉన్న రెండో మెట్టువారికి కూడా ఎక్కువే. వీరెవరూ తిండికి లేనివారు కారు. నెల జీతం, పెన్షను, ఉచిత వైద్యం అందరికీ ఉన్నాయి. కింది మెట్లలో పొగ తాగేవారు ఎక్కువమంది ఉన్న మాట నిజమే. పొగ, రక్తపోటు, కొలెస్టరాలు అన్నీ లెక్కలో వేసుకున్నా ఆ తేడాలో సగం కూడా తీరలేదు.

అందుకని 1985లో రెండో అధ్యయనం మొదలుపెట్టారు. ఈసారి ఆడవారిని కూడా చేర్చారు, మొత్తం 10,308 మంది. మీ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు మీకుందా, విరామం ఎప్పుడో మీరు ఎంచుకోగలరా, ఇలాంటి ప్రశ్నలు వేశారు. పని ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఆ పని మీద తనకు ఎంత పెత్తనం ఉందన్నది గుండెకు లెక్కగా కనబడింది. తన పని మీద తనకు అధికారం లేదన్నవారిలో గుండెజబ్బు ఎక్కువ. చిన్ననాటి పోషణ, చదువు, ఇంటి పరిస్థితులు కూడా ఇందులో కలిసి ఉన్నాయనీ, అంతా పెత్తనం ఒక్కదానికే కట్టకూడదనీ అనే పండితులు ఉన్నారు. వారి మాటా సబబే. కానీ పెత్తనం లెక్క మాత్రం తీసేయడానికి లేదు.

ఇక్కడ ఫైలు పక్కన పెట్టి ఒక సంగతి చెప్పుకోవాలి. చెప్పడానికి ముందుగా అనుమతి తీసుకున్నాను.

నేను చివరి తొమ్మిదేళ్లు ఒక చిన్న కార్యాలయంలో హెడ్ క్లర్కు హోదాలో ఉన్నాను. అక్కడ ఒక టైపిస్టు ఉండేవారు. చాలా నెమ్మది మనిషి, పనిలో తప్పు పట్టడానికి ఉండేది కాదు. ఆమె అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. పొద్దున్నే ఆవిడకు అన్నీ చేసి, అన్నం తినిపించి, పక్కింటావిడకు అప్పజెప్పి వచ్చేసరికి రోజూ ఇరవై నిముషాలు, అరగంట ఆలస్యం. మూడు లేటు మార్కులకు ఒక సి.ఎల్. కోత. ఆ ఏడాది ఆమె క్యాజువల్ లీవులు జూన్ నాటికే హరించుకుపోయాయి. ఒకరోజు నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, అరగంట ఆలస్యంగా రానిచ్చి సాయంత్రం ఒక గంట ఎక్కువ కూర్చోనివ్వండి, పని ఆపను" అని అడిగారు. అడిగింది సెలవు కాదు, డబ్బు కాదు. నేను తలెత్తకుండానే, "రూల్సు ఒప్పుకోవమ్మా" అన్నాను. అంతటితో ఆగానా? అదే వారం నోటు పెట్టి ఆమెకు మెమో ఇప్పించాను. ఆ మెమో ఆమె చేతే టైపు చేయించాను. ఆఫీసులో టైపిస్టు ఆమె ఒక్కరే మరి.

రూల్సు ఒప్పుకోవన్న మాట నిజం. కాని ఆఫీసరు గారి ఇష్టులు ఇద్దరు పదకొండుకు వచ్చినప్పుడు రిజిస్టరు నా సొరుగులోనే ఉండేది, ఎర్ర సిరా బయటకు వచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. మా ఆఫీసులో ఎవరికీ తెలియనిది కాదు.

ఒత్తిడి గురించి మాట్లాడమంటే మనమందరం మన మీద పడిన ఒత్తిడి గురించే చెబుతాం. పైవాడు మనల్ని ఎలా నలిపాడో కథలు కథలుగా చెబుతాం. మెట్టు మెట్టుకూ తేడా ఉందన్నాడు కదా మార్మట్, మధ్య మెట్టు మీద కూర్చున్నవాడు రెండు పనులూ చేస్తాడని వైట్‌హాల్ కాగితాలు చదువుతుంటే నాకు తట్టింది. ఆమె రిటైరై మన సంఘంలోనే సభ్యురాలుగా ఉన్నారు. ఈ ప్రసంగం ముందు ఫోను చేసి, ఇలా చెబుతానమ్మా, పేరు చెప్పను, మీకు అభ్యంతరమా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడెందుకండీ అవన్నీ" అన్నారు. ఇంకొంతసేపటికి, "చెప్పండి, ఫరవాలేదు" అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

2016లో మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. మూడేళ్ల నాలుగు నెలలు మంచంలో ఉండి 2019లో పోయింది. అబ్బాయి బెంగళూరు నుంచి నెలకొకసారి వచ్చేవాడు. మిగతాదంతా నేనే. స్నానం, దుస్తులు మార్చడం, మూడు గంటలకొకసారి ఒత్తిగిలబెట్టడం. పెళ్లయిన నలభై ఏళ్లలో కాఫీ కలపడం రానివాడిని, కత్తిపీట ముందు కూర్చున్నాను. ఒకనాడు బీరకాయ తరుగుతుంటే బొటనవేలు తెగింది. చిన్న గాటే. ఎంతకీ మానదు. నాకు షుగరు లేదు. ఐదో వారంలో డాక్టరు గారు చూసి, "మీరు నిద్రపోతున్నారా?" అని అడిగారు. వేలు చూపిస్తే నిద్ర గురించి అడుగుతాడేమిటా అని విసుక్కున్నాను.

చాలాకాలం తర్వాత 1995 నాటి ఒక అధ్యయనం చదివాను. అమెరికాలో ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో కీకోల్ట్ గ్లేజర్ అనే ఆమె, ఆమె సహచరులు చేసినది. మతిమరుపు జబ్బు ఉన్న బంధువులకు ఇంట్లో సేవ చేస్తున్న 13 మంది స్త్రీలు, అదే వయసులో అటువంటి బాధ్యత లేని 13 మంది. అందరి చేతి మీదా మూడున్నర మిల్లీమీటర్ల ఒకే కొలత గాయం చేసి, ఎప్పుడు మానుతుందో చూశారు. సేవ చేస్తున్నవారికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఇరవై ఆరు మందితో చేసిన చిన్న పరీక్షే, నా బొటనవేలు కూడా కోర్టులో నిలిచే సాక్ష్యం కాదు. అయినా ఆ కాగితం చదివిన రాత్రి నాకు జ్ఞాపకం వచ్చింది నా వేలు కాదు. ఆ టైపిస్టు గారి వేళ్లు. చలికాలంలో ఆమె వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని టైపు కొట్టేవారు. అంట్లు తోమి, బట్టలు ఉతికి పగిలిన వేళ్లు. నేను ఆ గుడ్డల వల్ల తప్పులు పడతాయేమో అని మాత్రమే చూసేవాడిని.

ఇంతవరకూ విని, అన్ని జబ్బులకూ ఒత్తిడే కారణం అని ఎవరైనా అనుకుంటే అది నా తప్పు అవుతుంది. కడుపులో పుండుకు చింతే కారణమని మన తరమంతా నమ్మాం. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు, చాలా పుళ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కారణమని తేల్చారు. నమ్మనివారి కోసం మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు. రెండో ముఖ్య కారణం మనం మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కుని మింగే బిళ్లలు. కాబట్టి కడుపు మంటను "టెన్షను" అని సరిపెట్టుకోకండి. అంతకన్నా ముఖ్యం, ఛాతీలో బరువు. మన సభ్యుడొకరు, కొడుకుతో ఆస్తి తగాదా నడుస్తున్న రోజుల్లో, రెండు రోజులు ఛాతీ బిగుతును టెన్షనే అనుకుని సోడా తాగుతూ కూర్చున్నారు. మూడో రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి గుండె కండరం చాలా భాగం పాడైంది. దేవుడి దయవల్ల మన మధ్యనే ఉన్నారు, రెండు మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నారు. ఒత్తిడి అన్న మాట రోగానికి పేరు కాకూడదు. ముందు పరీక్ష, ఆ తర్వాతే మన వేదాంతం. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, మనుషుల మీద ఆసక్తి పోతే అది కూడా డాక్టరుకు చూపించవలసిన జబ్బే.

తట్టుకోవడం గురించి లాజరస్ అనే ఆయన, ఫోక్‌మన్ అనే ఆవిడ 1984లో ఒక పుస్తకం రాశారు. వారి మాట నా మాటల్లో చెబితే, కష్టం వచ్చినప్పుడు మనిషి లోపల రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. దీనివల్ల నాకు ముప్పా, నా చేతిలో ఏమైనా ఉందా అని. చేతిలో ఉంటే పని చేయాలి. లేకపోతే మనసుకు ఊరట వెతకాలి. రెండూ తట్టుకోవడమే. ఎటొచ్చీ, ఒకదానికి పనికొచ్చే మందు ఇంకొకదానికి వాడితేనే చిక్కు.

ఉదాహరణకు లైఫ్ సర్టిఫికెట్టు. 2014లో జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చాక వేలిముద్ర పెడితే చాలు అన్నారు. నా వేళ్ల గీతలు అరిగిపోయాయి. యంత్రం నాలుగుసార్లు కాదంది. అక్కడి కుర్రవాడు, "తాతగారూ, రేపు రండి" అన్నాడు. బతికే ఉన్నానని నేను కళ్లెదుట నిలబడి చెబుతున్నా చెల్లదు. ఆ రాత్రి రక్తపోటు పెరిగింది. దీనికి ప్రాణాయామం మందు కాదు. ఇంకో దారి ఉందేమో కనుక్కోవడమే మందు. కంటిపాపతో, ముఖంతో కూడా చేయవచ్చని మన కోశాధికారి గారు చెప్పారు, పది నిముషాల్లో అయిపోయింది. అదే మా ఆవిడ జబ్బు విషయంలో నేను తిరగబెట్టి చేశాను. ఆవిడ కుడిచెయ్యి ఇక లేవదని డాక్టర్లు చెప్పినా వినక, మూడు ఊళ్లు తిప్పి, నూనెలు, కషాయాలు మార్చి మార్చి ఆవిడను అలసగొట్టాను. ఒకనాడు ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, ముద్ద మాటల్లోనే, "ఏమండీ, ఇంక చాలు, నా దగ్గర కూర్చోండి" అంది. ఆ తర్వాత ఏడాది మేమిద్దరం కొంత నెమ్మదిగా బతికాం.

కుటుంబ సభ్యులు వచ్చారు కాబట్టి వారికీ ఒక మాట. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల ఆశ్రమంలో లాంగర్, రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1976లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒక అంతస్తులోని పెద్దలకు, మీ గది సర్దుకోవడం మీ ఇష్టం, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి, ఈ మొక్కల్లో మీకు నచ్చింది తీసుకుని మీరే పెంచుకోండి అన్నారు. ఇంకో అంతస్తులో అదే మొక్క, అదే సినిమా, కాని మొక్కకు నీళ్లు నర్సులు పోస్తారు, సినిమా రోజు వారే చెబుతారు. మూడు వారాల్లోనే మొదటివారు హుషారుగా, చురుకుగా కనబడ్డారు. ఏడాదిన్నర తర్వాత మరణాలు కూడా మొదటివారిలో 15 శాతం, రెండోవారిలో 30 శాతం అని రాశారు. సంఖ్యలు చిన్నవి, ఆ మరణాల లెక్క మీద తర్వాత సవరణ వేయవలసి వచ్చింది కూడా, కాబట్టి దాన్ని గట్టిగా పట్టుకోను. హుషారు మాట మాత్రం నమ్ముతాను. మా కోడలు బంగారు తల్లి. బెంగళూరు వెళితే, "మీరు కూర్చోండి మామయ్యగారూ, నేను చూసుకుంటాను" అంటుంది. నాలుగు రోజులు కూర్చునేసరికి నాకు నడుము పట్టేస్తుంది. అమ్మా, కూరలు తెచ్చే సంచీ మాత్రం నా చేతికివ్వు అని చెప్పాను. పుచ్చు వంకాయలు తెస్తే తిడుతుంది. తిట్టించుకుంటున్నాను, హాయిగా ఉంది.

చివరగా నేను ఇక్కడకు వచ్చిన అసలు పని. మన సభ్యుల్లో మంచాన పడిన భార్యకో, భర్తకో, వందకు చేరువైన తల్లికో ఒంటిచేత్తో సేవ చేస్తున్నవారు నాకు తెలిసి పదకొండు మంది ఉన్నారు. వారిలో ఒక్కరు కూడా ఈ సభకు రాలేదు. ఎలా వస్తారు? ఎవరికి అప్పజెప్పి వస్తారు? ఆ మూడేళ్లలో నాకు మందుల కన్నా, ఓదార్పు కన్నా కావలసింది వారానికి రెండు గంటలు. ఎవరైనా ఆవిడ పక్కన కూర్చుంటే బ్యాంకుకో, గుడికో, ఊరికే రోడ్డు మీదకో వెళ్లివచ్చే రెండు గంటలు. అడగడానికి మొహమాటం, ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

అందుకని ఒక డ్యూటీ చార్టు వేద్దామని ప్రతిపాదిస్తున్నాను. ఒక హెచ్చరికతో. షుల్జ్ అనే ఆయన, వృద్ధుల నివాసానికి కాలేజీ విద్యార్థులను పలకరింపుకు పంపి చూశాడు. ఎప్పుడు వస్తారో ముందే తెలిసినవారు, రమ్మని తామే చెప్పగలిగినవారు బాగా కోలుకున్నారు. ప్రయోగం అయిపోయింది, పిల్లలు రావడం మానేశారు. తర్వాత వెళ్లి చూస్తే, ఎక్కువగా కోలుకున్నవారే ఎక్కువగా దిగజారారు. కాబట్టి ఉత్సాహం కొద్దీ పేరిచ్చి రెండు నెలలకు ఎగ్గొట్టేవారు దయచేసి ఇవ్వవద్దు. వారానికి ఒక్క రోజైనా చాలు, ఆ రోజు, ఆ వేళ తప్పకూడదు. రాలేకపోతే ముందు రోజే ఫోను చేయాలి. ఏ రోజు రావాలో ఆ ఇంటివారే చెప్పాలి, మనం కాదు.

రిజిస్టరు ఒకటి గీతలు కొట్టి తెచ్చాను, కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. లేటు మార్కుల కాలమ్ లేదు. మొదటి వరుసలో నా పేరు రాశాను, మంగళవారం, గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. రెండో వరుస కూడా ఖాళీగా లేదు. నేను ఈ సభకు వచ్చేసరికే ఎవరో నీలం సిరాతో శనివారం అని రాసి సంతకం పెట్టి ఉన్నారు. ఆ దస్తూరీ నాకు తెలుసు. తొమ్మిదేళ్లు హాజరుపట్టీలో చూసిన సంతకం.

మూడో వరుస నుంచి మీరు రాయండి. భోజనాలకు ముందే రాస్తే మంచిది, తర్వాత అందరూ బస్సుల తొందరలో ఉంటారు. సెలవు. నమస్కారం.